ఎదుటివారి మైదానములో

మా ఊరివారు నన్ను చూచినప్పుడెల్ల, "మాష్టారూ, అమెరికాలో మీరు చూచిన గొప్ప వింత ఏమిటి?" అని అడుగుచుందురు. ఆకాశమంటు మేడల సంగతియో, వేగముగా పరుగెత్తు రైళ్ల సంగతియో చెప్పుదునని వారు ఎదురుచూతురు. నేను మాత్రము ఒక బంతియాట సంగతి చెప్పుదును. ముప్పది నాలుగేండ్లు బడిపంతులుగా పనిచేసిన ముసలివాడు సముద్రము దాటి వెళ్లి బంతియాట చూచి వచ్చెనా అని కొందరు నవ్విరి. నవ్వినను సరే. ఆ సంగతి మీకును చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2019 వ సంవత్సరమున మా అమ్మాయి యింట ఆరు నెలలు ఉండుటకు వెళ్లితిని. వారు కాపురముండునది బోస్టను పట్టణమునకు సమీపమందున్న ఒక చిన్న ఊరు. బోస్టను అను పేరు మన ప్రాంతపు పెద్దలకు క్రొత్త కాదు. 1836 లో తెలుగు దేశమునకు వచ్చిన శామ్యూల్ డే దొరగారిని పంపిన బాప్టిస్టు మిషను కార్యాలయము ఆ దినములలో ఆ పట్టణమందే యుండెను. విమానము దిగినప్పుడు నాకు ఆ సంగతియే జ్ఞాపకము వచ్చెను. గాని మా అమ్మాయి యింటి ప్రక్కనున్న పెద్దాయనకు బోస్టను అనగా ఒక్కటే అర్థము. అది రెడ్ సాక్స్ జట్టుయొక్క ఊరు.

ఈ పెద్దాయన ఇంటింటికి ఉత్తరములు పంచు ఉద్యోగము చేసి మానుకొన్నవాడు. అప్పటికి ఆయనకు 68 ఏండ్లు. నాకంటె రెండేండ్లు చిన్న. సాయంకాలమున తన వసారాలో కూర్చుండి, ప్రక్కను రేడియో పెట్టుకొని ఆట వినుచుండును. నేను వెళ్లిన మొదటి వారములోనే నన్ను పిలిచి కుర్చీ వేసెను. నాకు ఆ ఆట తెలియదని చెప్పితిని. "తెలియకపోవుటే మేలు. మీ గుండె ఇంకను పగులలేదన్నమాట" అని ఆయన నవ్వెను.

బేస్‌బాల్ అను ఆ ఆట యిట్లుండును. మన క్రికెట్టులోవలెనే ఒకడు బంతి విసరును, ఒకడు బ్యాటుతో కొట్టును. జట్టుకు తొమ్మండుగురు. కొట్టినవాడు మూలలయందున్న మూడు గుర్తులను చుట్టి, తాను బయలుదేరిన చోటికే తిరిగి వచ్చినయెడల ఒక పరుగు. ఆ బయలుదేరిన చోటును వారు 'ఇల్లు' అందురు. బంతిని ప్రహరీ దాటించి కొట్టినయెడల ఎవరును అడ్డగింపకుండ చుట్టి ఇల్లు చేరవచ్చును. దానికి హోమ్ రన్ అని పేరు. తొమ్మిది విడతలలో గెలుపు తేలనియెడల తేలువరకు ఆడుదురు. ఇంతమాత్రము తెలిసిన చాలును.

రెడ్ సాక్స్ జట్టుకు న్యూయార్కులోని యాంకీ జట్టుతో వైరము. రెండు పట్టణములకు మధ్య నాలుగు గంటల మోటారు ప్రయాణము. ఆ వైరమునకు మూలము ఒక అమ్మకము. బేబ్ రూత్ అను మేటి ఆటగానిని బోస్టను యజమాని 1919 డిసెంబరు చివర లక్ష డాలర్లకు న్యూయార్కువారికి అమ్మివేసెను. 1918 లో దేశమంతటికిని విజేతయైన బోస్టను జట్టుకు ఆ తరువాత 86 సంవత్సరములు ఆ బిరుదు దక్కలేదు. న్యూయార్కువారో, 2000 నాటికి 26 మారులు గెలిచిరి. 1923 ఏప్రిలు 18 న యాంకీలు తమ పెద్ద స్టేడియమును తెరచినప్పుడు ఎదుట ఆడుటకు వచ్చినది బోస్టను జట్టే. ఆ దినమున రూత్ హోమ్ రన్ కొట్టెను; బోస్టను ఓడెను. ఇది వినినప్పుడు, "అమ్ముకొన్న యెద్దు పరాయివాని పొలము దున్నుచుండగా గట్టుమీద నిలువబడి చూచినట్లున్నది" అంటిని. పెద్దాయన తొడ కొట్టుకొని నవ్వి, ఆ మాటను వచ్చినవారందరికిని చెప్పెను.

ఆదివారము సాయంకాలములందు ఆ వసారాకు మరి యిద్దరు ముగ్గురు ముసలివారు వచ్చెడివారు. వారి మాటలు వినుచుండగా నాకొక వింత తోచెను. తమ సొంత మైదానములో చూచిన ఆటలకంటె న్యూయార్కుకు వెళ్లి ఎదుటివారి మధ్య కూర్చుండి చూచిన ఆటలే వారికి ఎక్కువ జ్ఞాపకమున్నవి. ఒకాయన ఎఱ్ఱ టోపీని కోటు లోపల దాచుకొని, తన చోటు చేరిన తరువాతనే తీసి పెట్టుకొనెడివాడట. ఇంకొకాయనమీద వెనుకనుండి ఎవరో వేరుసెనగ తొక్కలు విసరిరట; అంతలో వర్షము కురియగా ప్రక్కనున్న యాంకీ అభిమాని తన గొడుగు సగము ఇచ్చెనట. "తొక్కలు విసరినవాని ముఖము మరచిపోతిని, గొడుగు ముఖము మరువలేదు" అని ఆయన చెప్పెను. సొంతవారి నడుమ మనిషి గుంపులో కలిసిపోవును. ఎదుటివారి నడుమ కూర్చున్నప్పుడే తాను ఒక్కడనని తెలియును, ఎదుటివాని ముఖము సరిగా చూచును.

పెద్దాయన జ్ఞాపకములు ఆయన తండ్రితో మొదలగును. 1949 లో ఇంక రెండు ఆటలే మిగిలియుండగా బోస్టను ఒక ఆట ముందుండెను. ఆ రెండును యాంకీ స్టేడియములోనే. ఒక్కటి గెలిచిన చాలును. తండ్రి రెండు దినములును అచ్చటనే యుండెను. అక్టోబరు 1 న బోస్టను మొదట 4–0 గా ముందుండి, చివరకు 5–4 తో ఓడెను. మరునాడు 5–3 తో ఓడెను. రాత్రి రైలులో అందరును టోపీలు ఒడిలో పెట్టుకొని కూర్చుండిరనియు, బోస్టను చేరువరకు ఎవరును మాటాడలేదనియు తండ్రి చెప్పెడివాడట.

1961 అక్టోబరు 1 న ఆ తండ్రి తన యిద్దరు కుమారులను న్యూయార్కుకు తీసికొని పోయెను. పెద్దాయనకు అప్పుడు పదియేండ్లు, తమ్మునికి ఎనిమిది. ఆ దినమున రోజర్ మారిస్ అను యాంకీ ఆటగాడు బోస్టను విసరుడుగాడైన ట్రేసీ స్టాలర్డు బంతిని కొట్టి, ఆ సంవత్సరమునకు 61 వ హోమ్ రన్ చేసెను. బేబ్ రూత్ 1927 లో చేసిన 60 ని అది దాటెను. బోస్టను 1–0 తో ఓడెను. బంతి జనులలో పడగానే తమ్ముడు లేచి నిలువబడి చప్పట్లు కొట్టెను. తండ్రి నవ్వి ఊరకుండెను గాని అన్న వాని తొడ గిల్లెను. "మా వైరము అచ్చటనే పుట్టినది" అని పెద్దాయన చెప్పెను. ఆ తమ్ముడు పెద్దవాడై ఉద్యోగముకొరకు న్యూయార్కుకే వెళ్లెను. స్టేడియమునకు ఒక మైలు దూరములో ఇల్లు తీసికొని, యాంకీల మనిషియై పోయెను.

1978 లో తమ్ముడు బోస్టనుకు వచ్చెను. ఇప్పుడు ఎదుటివారి మైదానము అతనిది. రెండు జట్లును సమానముగా నిలిచినందున అక్టోబరు 2 న ఒక్క ఆటతో తేల్చవలసి వచ్చెను. బోస్టను మైదానమైన ఫెన్‌వేలో ఎడమవైపున 37 అడుగుల ఎత్తుగల పచ్చని గోడ యున్నది. పెద్ద దెబ్బలకు పేరు పొందని బకీ డెంట్ అను యాంకీ ఆటగాడు ఏడవ విడతలో ఆ గోడమీదుగా బంతిని కొట్టెను. న్యూయార్కు 5–4 తో గెలిచెను. ఫెన్‌వేలో వేలాది జనులు శవము లేచిన యింటివలె నిశ్శబ్దమైరి. "నేను ప్రక్కకు చూచితిని. నా తమ్ముడు రెండు చేతులను తొడలక్రింద పెట్టుకొని కూర్చుండెను, చప్పట్లు కొట్టకుండుటకు" అని పెద్దాయన చెప్పి, కొంతసేపు ఆగి, "ఆ చేతులను నేను అప్పుడు లెక్కచేయలేదు" అనెను.

2003 అక్టోబరు 16 వ తేదీ రాత్రి అన్నదమ్ములిద్దరును యాంకీ స్టేడియములో ప్రక్కప్రక్కనే కూర్చుండిరి. టిక్కెట్లు తమ్ముడు కొనెను. ఏడవదియు ఆఖరుదియునైన ఆట అది. ఎనిమిదవ విడతలో బోస్టను 5–2 గా ముందుండెను. మేటి విసరుడుగాడైన పెడ్రో మార్టినెజ్ అలసిపోయినను జట్టు నాయకుడు అతనిని మార్చలేదు, పరుగులు సమానమైనవి. అర్ధరాత్రి దాటిన తరువాత పదకొండవ విడతలో టిమ్ వేక్‌ఫీల్డు విసరిన మొదటి బంతినే ఆరన్ బూన్ అను యాంకీ ఆటగాడు హోమ్ రన్ కొట్టెను. ఆట ముగిసెను. స్టేడియమంతయు ఘోషించుచుండగా తమ్ముడు కేక వేయలేదు. అన్న భుజముమీద చేయి వేసెను. అన్న ఆ చేతిని త్రోసివేసి, మాట చెప్పకయే లేచిపోయి, రాత్రికి రాత్రి నాలుగు గంటలు కారు నడుపుకొని బోస్టను చేరెను.

"ఆ చలికాలమున వేక్‌ఫీల్డు ఒక విందుకు రాగా మావారు అతనిని నిందింపక లేచి నిలువబడి చప్పట్లు కొట్టిరి. నేను పత్రికలో చదివి సంతోషించితిని. బంతి విసరినవానిని క్షమించితిని, నా తమ్ముని క్షమింపలేదు. వాడు చేసిన నేరమేమి? నా భుజముమీద చేయి వేయుట" అని పెద్దాయన చెప్పెను.

మరు సంవత్సరము అదే రెండు జట్లు. యాంకీలు మొదటి మూడు ఆటలు గెలిచిరి. మూడవది ఫెన్‌వేలోనే 19–8 తో. అంతవరకు ఆ ఆట చరిత్రలో మూడు ఓడి నాలుగు గెలిచిన జట్టు లేదు. బోస్టనువారు సొంత ఊరిలో రెండు గెలిచి, ఆరవ ఆటకు న్యూయార్కు వెళ్లిరి. చీలమండ గాయమై మేజోడు రక్తముతో తడిసినను కర్ట్ షిల్లింగు బంతులు విసరి గెలిపించెను. 2004 అక్టోబరు 20 న ఏడవ ఆట. పెద్దాయన ఎక్కువ వెల పెట్టి టిక్కెట్టు కొని, తమ్మునికి చెప్పకయే యాంకీ స్టేడియమునకు వెళ్లెను. బోస్టను 10–3 తో గెలిచెను. యాంకీ అభిమానులు లేచిపోగా, బోస్టనునుండి వచ్చినవారందరును తమ ఆటగాండ్లు కూర్చుండు వైపునకు దిగి వచ్చి, గుంపుగా నిలువబడి పాడిరి, ఏడ్చిరి, ఎరుగనివారిని కౌగిలించుకొనిరి. ఆ నెల 27 వ తేదీన వారి జట్టు దేశపు బిరుదును కూడ గెలిచెను. 86 ఏండ్ల నిరీక్షణ తీరెను.

"అంత సంతోషము నా జన్మలో లేదు. ఆ సంతోషములో, మారిస్ కొట్టిన దినము జ్ఞాపకమున్నదా అని అడుగుటకు ప్రక్కకు తిరిగితిని. ప్రక్కన ఎవడో పరాయివాడు. 1961 లో నాతో ఉన్నవాడు ఒక మైలు దూరములో ఉన్నాడు. వాని వీధిమీదుగానే కారు నడిపితిని. కిటికీలో దీపము వెలుగుచుండెను. ఆపలేదు" అని పెద్దాయన చెప్పెను.

చదువరులారా, ఇచ్చట నా సంగతి ఒప్పుకొనవలసియున్నది. ఆ మాట వినినప్పుడు నేను నేల చూచితిని. 2008 లో మా పొలముల నడుమ మూడు గజముల గట్టును గూర్చి నాకును నా తమ్మునికిని మాట పెరిగెను. అమీను వచ్చెను, గొలుసు లాగెను, రాళ్లు పాతెను. రాళ్లు పాతినది పొలములోనే గాని అవి మా యిద్దరి మధ్య లేచినవి. పదకొండేండ్లు మాకు మాటలు లేవు. ఒకే గుడికి పోదుము. వాడు ఉత్తరపు వాకిలి ప్రక్కను కూర్చుండును, నేను దక్షిణపు కిటికీ ప్రక్కను. ఆరాధన ముగియగానే ఎవరి వాకిలిగుండ వారు పోదుము. వాని ముఖము సరిగా చూచి ఎన్నేండ్లైనదో నేను లెక్కింపలేదు. ఆ సాయంకాలము లెక్కించితిని. లెక్కించి, పెద్దాయనకు చెప్పితిని. ఆయన ఏమియు బోధింపలేదు. రేడియో తగ్గించి, మిగిలిన కథ చెప్పెను.

2013 ఏప్రిలు 15 న బోస్టనులో పెద్ద పరుగుపందెము జరుగుచుండగా గమ్యమునొద్ద బాంబులు పేలెను. మువ్వురు చనిపోయిరి, అనేకులు కాళ్లు పోగొట్టుకొనిరి. మరునాటి రాత్రి యాంకీలు తమ స్టేడియములో వేరొక జట్టుతో ఆడుచుండిరి. గోడమీద తమ గుర్తును రెడ్ సాక్స్ గుర్తును ప్రక్కప్రక్కన పెట్టిరి. ఫెన్‌వేలో ఆట ఆటకు జనులందరు పాడుకొను 'స్వీట్ కారొలైన్' అను పాట యున్నది. మూడవ విడత ముగియగానే యాంకీవారు ఆ పాటను తమ స్టేడియములో వేసిరి. న్యూయార్కు జనులు లేచి పాడిరి.

ఆ సమయమున పెద్దాయన టెలిఫోను మ్రోగెను. తొమ్మిదిన్నర సంవత్సరములుగా రాని పిలుపు. ఎత్తగానే తమ్ముని గొంతు, "విను" అనెను. అంతే. తరువాత ఆ ఫోనును పైకి ఎత్తిపట్టుకొనెను. వేలాది యాంకీ అభిమానులు బోస్టనువారి పాట పాడుచుండగా పెద్దాయన వంటింటిలో నిలువబడి వినెను. "ఎదుటివారి మైదానములో నేను వినిన గొప్ప ఆట అదే. దానిలో నేను లేను, నా జట్టును లేదు" అని చెప్పి కండ్లు తుడుచుకొనెను.

అప్పటినుండి ఏటేట ఆయన న్యూయార్కు వెళ్లి తమ్ముని ప్రక్కను కూర్చుండి ఒక ఆట చూచుచుండెను. 2019 ఆగస్టు మొదటి వారములో నన్నును వెంటబెట్టుకొని వెళ్లెను. పాత స్టేడియములో ఆటలు 2008 తో ముగిసినవి. 2009 లో తెరచిన క్రొత్తది వీధికి ఆవలి ప్రక్కనే యున్నది. మాకు మూడు కుర్చీలు. నన్ను నడుమ కూర్చుండబెట్టిరి. చుట్టును నీలిటోపీల సముద్రము. అందులో అక్కడక్కడ మిరపపండ్లవలె ఎఱ్ఱ టోపీలు. తమ్ముడు మాటలు తక్కువ మనిషి. తనవారు పరుగు తీసినప్పుడు రెండే చప్పట్లు కొట్టి, చేతులు తొడలక్రింద పెట్టుకొనును. అన్న వేరుసెనగకాయలు వలిచి, నా ఒడిమీదుగా చేయి చాచి తమ్మునికి ఇచ్చుచుండును. ఆటను గూర్చి ఇద్దరును వాదించుకొనుచునే యుండిరి.

తమ్ముడు నాకు మరియానో రివేరా సంగతి చెప్పెను. పనామా దేశపు జాలరి కుమారుడు, దైవభక్తి గలవాడు. న్యూయార్కుకు సమీపమున న్యూ రోషెల్ అను ఊరిలో పాడుపడిన దేవాలయమును బాగుచేయించి సంఘమునకు అప్పగించినవాడు. యాంకీల తరఫున ఆట ముగింపులో బంతులు విసరుట అతని పని. 2004 లో బోస్టనువారు గెలుచుటకు అతని చేతినుండి రెండు ఆటలు జారిపోవుట ఒక కారణము. 2005 ఏప్రిలులో అతడు ఫెన్‌వేకు రాగా జనులు ఎగతాళిగా లేచి చప్పట్లు కొట్టిరి, నీ దయవలననే గెలిచితిమన్నట్లు. అతడు ముఖము చిట్లింపలేదు. నవ్వి, టోపీ తీసి వారికి ఊపెను. 2013 లో అతడు ఆట మానుకొను ముందు ఆ ఫెన్‌వేవారే అతనికి నిజముగా సన్మానము చేసిరి. ఆ ఆటయొక్క గౌరవ మందిరమునకు ఒక్క ఓటైనను తగ్గకుండ ఎన్నికైన మొదటివాడు అతడే. మేము వెళ్లుటకు కొన్ని దినముల ముందే, జూలైలో, ఆ గౌరవము అందుకొనెను. "ఎగతాళి చేసినవారికి తిరిగి కోపము ఇచ్చియుంటే, ఎగతాళియే మిగిలియుండును" అని తమ్ముడు చెప్పెను. అన్న మాటాడక ఇంకొక కాయ వలిచెను.

మేము చూచిన ఆటలో బోస్టనువారు ఓడిరి. ఆ వారము అచ్చట ఆడిన నాలుగు ఆటలును ఓడిరి. మెట్లు దిగుచుండగా తమ్ముడు అన్న భుజముమీద చేయి వేసెను. నేను వెనుకనుండి చూచుచుంటిని. ఆ చేయి వీధి చివరవరకు అట్లే యుండెను.

నేను బయలుదేరు దినమున పెద్దాయన నాకు రెండు టోపీలు ఇచ్చెను, ఒకటి ఎఱ్ఱది, ఒకటి నీలిది. నీలిది ఆయన తమ్ముడు పంపినదట. "ఏది ఎవరిదో మీ అన్నదమ్ములే తేల్చుకొనుడి" అని చెప్పెను.

నవంబరులో ఊరు చేరితిని. ఆ టోపీలు పెట్టెలోనే పది దినములు ఉండెను. తమ్ముని యిల్లు మా యింటికి నాలుగిండ్ల అవతల; న్యూయార్కుకు పోవుట నాకు దానికంటె సులువైనది. పదకొండవ దినమున చీకటి పడిన తరువాత వెళ్లితిని. గడపయొద్ద నిలువబడగా మరదలు చూచి, "అయ్యో, బావగారా!" అని చేతిలోని చేట అట్లే పట్టుకొని నిలిచిపోయెను. తమ్ముడు మంచముమీద పండుకొనియుండి, లేచి కూర్చుండెను. వాని తల సగము నెరసియున్నది. అది గుడిలో నా కిటికీనుండి నాకు కనబడలేదు.

ఏమి మాటాడవలెనో తోచక సంచిలోనుండి టోపీలు తీసి మంచముమీద పెట్టితిని. వాడు వాటిని త్రిప్పి త్రిప్పి చూచి, "ఇవేమిటన్నయ్యా?" అనెను.

అన్నయ్యా అను ఆ మాట వినిన తరువాత నాకు కథ చెప్పుట కష్టము కాలేదు. మరదలు అన్నము పెట్టెను. రాత్రి పదిగంటలవరకు మారిస్ సంగతియు, బకీ డెంట్ సంగతియు, ఫోనులో వినిన పాట సంగతియు చెప్పుచునే యుంటిని. వాడు ఎఱ్ఱ టోపీ తీసికొనెను. "ఓడినవాళ్లది నాకియ్యి" అనెను.

గట్టు సంగతి ఇంకను తేలలేదు. మూడు గజములు మూడు గజములుగానే యున్నవి. దానిని గూర్చి మాకు ఇప్పుడును అభిప్రాయభేదమున్నది. గాని వాడు ఎఱ్ఱ టోపీ పెట్టుకొని ఆ గట్టుమీదుగా నడచిపోవుచుండగా నేను పిలుతును, వాడు ఆగును. ఆదివారమున వాడు ఉత్తరపు వాకిలి విడిచి వచ్చి నా కిటికీ ప్రక్కను కూర్చుండును. మరు ఆదివారమున నేను వాని ప్రక్కకు పోదును. రెండు ప్రక్కలనుండియు చూచితిని. గుడి ఒక్కటే.

ఎదుటివాని వాకిట ఒక్క పూట కూర్చుండి రండని మాత్రము మీకు చెప్పగలను. వాని గెలుపు వాని కంటితో ఎట్లుండునో, మీ ఓటమిని వాడు ఎంత మెల్లగా పట్టుకొనునో, అచ్చటనే తెలియును. ఒకవేళ వాడు భుజముమీద చేయి వేసినయెడల, త్రోసివేయకుడి.